ఆ పది నిమిషాలు దాటితే

జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో సింగిల్ కాలమ్ వార్త ఒకటి దాదాపు రోజూ ఉంటుంది. ఊరు మారుతుంది, వయసు మారుతుంది. మాటలు మాత్రం అవే. ‘జీవితంపై విరక్తి చెంది’, ‘మనస్తాపానికి గురై’, ‘కడుపునొప్పి తాళలేక’. నాలుగు వాక్యాల్లో ఒక మనిషి కథ ముగిసిపోతుంది. ఐదో వాక్యంలో ఎస్సై కేసు నమోదు చేసుకుని దర్యాప్తు చేస్తుంటారు.

ఆ వార్త చదివాక మన మనసులో రెండు అభిప్రాయాలు మిగులుతాయి. ఒకటి, కారణం తెలిసిపోయిందని. రెండు, అది జరగక తప్పేది కాదని. ఆత్మహత్యల మీద మనస్తత్వశాస్త్రం పనిచేయడం మొదలుపెట్టి డెబ్బై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో పోగైన అంకెలు ఈ రెండింటినీ కాదంటున్నాయి. ఒక మరణం వెనక ఒకే కారణం ఉండదు. ఎవరు ఆ అంచుదాకా వెళ్తారో ముందే చెప్పడం ఇవాళ్టికీ ఎవరి చేతా కాలేదు. అయినా ఆపడం మాత్రం సాధ్యమే. ముందే కనిపెట్టలేనిదాన్ని ఎలా ఆపగలం? ఈ కథనంలోని ప్రతి అంకె ఆ ప్రశ్నకే జవాబు చెబుతుంది.

ఒక్క మాట ముందుగా. ఇది చదువుతున్న మీకే అలాంటి ఆలోచనలు వస్తుంటే మిగతాది తర్వాత చదవొచ్చు. ఇప్పుడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు, డబ్బు కట్టక్కర్లేదు.

1,70,924

2022లో మన దేశంలో ఆత్మహత్యలతో పోయిన ప్రాణాలుగా జాతీయ నేర రికార్డుల బ్యూరో చూపిన సంఖ్య ఇది. రోజుకు 468 మంది. మూడు నిమిషాలకు ఒకరు. లక్ష జనాభాకు లెక్కిస్తే 12.4. తెలంగాణలో ఆ ఏడాది 9,980 మంది చనిపోయారు. అక్కడి రేటు 26.3, దేశ సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 8,908 మంది, రేటు 16.8.

ఆత్మహత్యల మాట వస్తే మనకు వెంటనే గుర్తొచ్చేది రైతు, ఆ తర్వాత విద్యార్థి. ఆ రెండు దుఃఖాలూ నిజమే. 2022లో రైతులు, వ్యవసాయ కూలీలు కలిపి 11,290 మంది, విద్యార్థులు 13,044 మంది చనిపోయారు. అదే ఏడాది చనిపోయిన గృహిణులు 25,309 మంది. రోజుకూలీలు 44,713 మంది, అంటే ప్రతి నలుగురిలో ఒకరి కంటే ఎక్కువ. ఇంటి పని చేసుకునే ఆమె గురించి, అడ్డా మీద నిలబడే అతని గురించి ధర్నాలు జరగవు, అసెంబ్లీలో వాయిదా తీర్మానాలు రావు. వాళ్ల సంఖ్య మాత్రం ఏటా అంతే పెద్దగా ఉంటోంది.

ఈ లెక్క కూడా పూర్తి లెక్క కాదు. 2016కు బ్యూరో చూపిన సంఖ్య 1,31,008. అదే ఏడాదికి లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో 2018లో వచ్చిన పరిశోధన వేసిన అంచనా 2,30,314. తేడా లక్షకు కాస్త తక్కువ. లెక్క రాసేది ఆరోగ్య శాఖ కాదు, నేర రికార్డుల సంస్థ. సమాచారం పుట్టేది పోలీస్ స్టేషన్‌లో. కేసవుతుందన్న భయం, పెళ్లి కావలసిన పిల్లలున్నారన్న భయం, నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం కలిసి చాలా మరణాలను ‘ప్రమాదం’, ‘అనారోగ్యం’ అన్న గడుల్లోకి నెడతాయి. 2022లో బీహార్ రేటు లక్షకు 0.6 అని నమోదైంది. తెలంగాణతో పోలిస్తే నలభయ్యో వంతు కన్నా తక్కువ. ఇంత తేడా మనుషుల దుఃఖంలో ఉండదు, రాసే చేతుల్లో ఉంటుంది. అలాగని దక్షిణాదిలో సమస్య పెద్దది కాదని కాదు. ఇళ్లిళ్లకూ వెళ్లి మరణాల వివరాలు సేకరించి 2012లో లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనం కూడా దక్షిణాది రాష్ట్రాల్లోనే రేటు ఎక్కువని తేల్చింది. ఆ అధ్యయనంలోనే మనసును కలచివేసే అంకె ఇంకొకటి ఉంది. ఆత్మహత్యతో చనిపోయిన స్త్రీలలో 56 శాతం మంది, పురుషుల్లో 40 శాతం మంది వయసు 15 నుంచి 29 ఏళ్ల మధ్యే.

ఇక బ్యూరో నివేదికలో ‘కారణం’ అని ఒక పట్టిక ఉంటుంది. 2022లో ‘కుటుంబ సమస్యలు’ 31.7 శాతం, ‘అనారోగ్యం’ 18.4 శాతం. కుటుంబ సమస్య లేని ఇల్లు ఎక్కడైనా ఉందా? సమస్య ఉన్నవాళ్లంతా చనిపోరు. మరి కొందరే ఎందుకు?

365

సరిగ్గా ఆ ప్రశ్నే పట్టుకున్న ఒక పరిశోధక బృందం అంతకుముందు యాభై ఏళ్లలో జరిగిన 365 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2017లో ఫలితం ప్రకటించింది. కుంగుబాటు, మద్యం, గతంలో చేసిన ప్రయత్నం, కుటుంబ చరిత్ర, ఒంటరితనం ఇలా ప్రమాద సూచికలని పుస్తకాల్లో రాసుకున్నవన్నీ పరీక్షించారు. వీటిలో ఏ ఒక్కటీ ఫలానా మనిషి ఆత్మహత్య చేసుకుంటాడో లేదో చెప్పడంలో నాణెం ఎగరేయడం కంటే పెద్దగా మెరుగ్గా లేదు. అన్నిటికంటే బాధ కలిగించింది, యాభై ఏళ్లలో ఆ సామర్థ్యం పెరగకపోవడం.

ఇది పరిశోధకుల చేతగానితనం కాదు. లెక్కలోనే చిక్కు ఉంది. తొంభై శాతం కచ్చితంగా పనిచేసే పరీక్ష ఒకటి కనిపెట్టామనుకుందాం. అంత గొప్ప పరీక్ష ఇంతవరకూ ఎక్కడా లేదు. దాన్ని లక్ష మందికి పెడదాం. దేశ సగటు ప్రకారం వాళ్లలో ఏడాదిలో 12 మంది చనిపోతారు. మన పరీక్ష ఆ 12 మందిలో దాదాపు 11 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 99,988 మందిలో పది శాతాన్ని, అంటే 9,999 మందిని కూడా ప్రమాదంలో ఉన్నారని పొరపాటున చూపిస్తుంది. చేతిలో 10,010 పేర్ల జాబితా ఉంటుంది. అందులో మనం వెతుకుతున్నవాళ్లు 11 మంది. తొమ్మిది వందల పేర్లకు ఒకరు. ఆ ఒకరెవరో జాబితా చెప్పదు.

అందుకే బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ‘మేమెందుకు కనిపెట్టలేకపోయాం’ అని ఏళ్ల తరబడి తమను తాము కోసుకుంటుంటే, పరిశోధన వాళ్లకు చెప్పవలసిన మొదటి మాట ఇది: నిపుణులకు సాధ్యం కానిది మీకూ సాధ్యం కాలేదు. అది మీ ప్రేమలో లోపం కాదు.

11లో 10

ఎవరు ఆ అంచుకు వెళ్తారో చెప్పలేకపోయినా, ఆ స్థితిలో మనసు ఎలా ఉంటుందో మాత్రం పరిశోధకులు చాలా దగ్గరగా చూడగలిగారు. 1949లో లాస్ ఏంజెలెస్‌లో ఎడ్విన్ ష్నైడ్‌మన్ అనే యువ మనస్తత్వవేత్త మరణ విచారణ కార్యాలయం దస్త్రాల్లో, చనిపోయినవాళ్లు రాసి వెళ్లిన వందల చీటీలను చూశాడు. ఆయన జీవితమంతా వాటి చుట్టూనే తిరిగింది. 1958లో సహచరులతో కలిసి అక్కడే ఆత్మహత్యల నివారణ కేంద్రం ప్రారంభించాడు. ఆయన తేల్చింది సూటిగా చెప్పుకోవచ్చు. ఈ మనుషులు కోరుకుంటున్నది చావును కాదు, భరించలేని మనోవేదన ఆగిపోవడాన్ని. చూపు ఇరుకైపోయి, దాన్ని ఆపే దారి ఒక్కటే ఉందని వాళ్లకు తోస్తుంది.

ఆ తర్వాత మానసిక వైద్యుడు ఆరన్ బెక్ ‘నిరాశ’ను కొలిచాడు. ఆత్మహత్య ఆలోచనలతో ఆసుపత్రిలో చేరిన 207 మందిని పదేళ్ల దాకా గమనించి 1985లో ఫలితాలు వెలువరించాడు. వాళ్లలో 14 మంది తర్వాతి కాలంలో చనిపోయారు. ఆయన ప్రశ్నావళి నింపి చనిపోయిన 11 మందిలో 10 మందికి నిరాశ మార్కులు ఎక్కువగా వచ్చాయి. దిగులు కంటే, రేపు కూడా ఇలాగే ఉంటుందన్న నమ్మకం ఎక్కువ ప్రమాదమని అర్థమైంది. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లలో చాలామంది బతికారు కాబట్టి ఇదీ జోస్యం చెప్పే యంత్రం కాలేదు. వేదన ఎటు నుంచి వస్తుందో చూపింది.

తండ్రిని ఆత్మహత్యలో పోగొట్టుకున్న మనస్తత్వవేత్త థామస్ జోయినర్ 2005లో ఇంకొక అడుగు ముందుకేశాడు. నేను ఎవరికీ చెందను, నేను అందరికీ భారం అన్న రెండు నమ్మకాలు ఒకేసారి మనసులో కూర్చుంటే చావు కోరిక పుడుతుందన్నాడు. గ్లాస్గోకు చెందిన మనస్తత్వవేత్త రోరీ ఓకానర్ ఓడిపోయానన్న భావం, తప్పించుకునే దారి లేదన్న ఉక్కిరిబిక్కిరి గురించి చెప్పాడు.

ఇవి మనకు తెలియని మాటలా? ‘నేను లేకపోతే మీరైనా సుఖంగా ఉంటారు’ అని మంచం పట్టిన పెద్దాయన అంటాడు. ‘మీ డబ్బులు దండగ చేశాను నాన్నా’ అని హాస్టల్ నుంచి పిల్ల అంటుంది. ‘నలుగురిలో తలెత్తుకోలేను’ అని అప్పులపాలైనవాడు అంటాడు. ‘ఇంకేముందిలే’ అని అందరూ అంటారు. భారం, ఓటమి, దారి మూసుకుపోవడం, నిరాశ. సిద్ధాంతాల్లోని నాలుగు మాటలూ మన ఇళ్లలో రోజూ వినిపిస్తుంటాయి. ‘ఊరుకో, అలాంటి మాటలు అనకూడదు’ అని మనం నోరు మూయించేది కూడా సరిగ్గా వీటినే.

10 నిమిషాలు, 94 శాతం

ఆత్మహత్య చాలాకాలంగా వేసుకున్న ప్రణాళిక అని చాలామంది అనుకుంటారు. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ వైద్యులు, ప్రయత్నించి బతికి బయటపడిన 82 మందిని ఒక ప్రశ్న అడిగారు. ఈసారి ఆ ఆలోచన మొదలైనప్పటి నుంచి చేతల్లోకి దిగేదాకా ఎంత సమయం గడిచింది? 47.6 శాతం మంది చెప్పిన జవాబు: పది నిమిషాలు, లేదా అంతకంటే తక్కువ. 2009లో ప్రచురితమైన అధ్యయనం ఇది. బాధ నెలల తరబడి ఉండొచ్చు. ప్రాణం మీదికి వచ్చే గండం మాత్రం చాలామందికి కొన్ని నిమిషాలదే.

ఆ గండం దాటాక ఏమవుతుంది? ఇవాళ ఆపితే రేపు చేసుకోరా? శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక వంతెన మీద 1937 నుంచి 1971 దాకా చివరి క్షణంలో ఆపి వెనక్కి తీసుకొచ్చిన 515 మంది తర్వాత ఏమయ్యారో రిచర్డ్ సైడెన్ అనే పరిశోధకుడు వెతికి 1978లో ప్రకటించాడు. 94 శాతం మంది అప్పటికి బతికే ఉన్నారు, లేదా సహజ మరణం పొందారు. ప్రయత్నం చేసి బతికినవాళ్లకు తర్వాత ప్రమాదం ఎక్కువగానే ఉంటుంది, ఆ మాట దాచకూడదు. ఎక్కువమంది మాత్రం మళ్లీ ఆ దారి పట్టరు. ‘చావాలని రాసి ఉన్నవాడిని ఎవరాపగలరు’ అనే మాటను ఈ 94 కొట్టేస్తోంది.

ఈ రెండు అంకెలు కలిపి చదివితే నివారణకు మొదటి సూత్రం దొరుకుతుంది. గండం చిన్నది, దాటితే బతుకు మిగులుతుంది కాబట్టి ఆ కాసేపు మనిషికీ ప్రాణాంతకమైన వస్తువుకీ మధ్య దూరం పెంచాలి.

93,000

దీన్ని ఒక దేశం మొత్తం చేసి చూపింది. 1995లో శ్రీలంకలో ఆత్మహత్యల రేటు లక్షకు 47. ప్రపంచంలోనే అతి ఎక్కువ రేట్లలో ఒకటి. వరి పండించే పల్లెల్లో చాలా ఇళ్లలో పురుగుమందు ఉండేది. ప్రభుత్వం అత్యంత విషపూరితమైన మందులను దశలవారీగా నిషేధిస్తూ వచ్చింది. ఇరవై ఏళ్లలో రేటు దాదాపు 70 శాతం పడిపోయింది. 1995 నుంచి 2015 దాకా ఈ నిషేధాలు కాపాడిన ప్రాణాలు 93,000 అని పరిశోధకుల అంచనా. పంట దిగుబడి తగ్గుతుందని భయపడ్డారు. తగ్గలేదు. ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటారనుకున్నారు. మొత్తం మరణాలే తగ్గాయి.

ఇందులో ఇంకొక పాఠం ఉంది. నిషేధం బదులు, ఇంటింటికీ తాళం వేసుకునే పెట్టె ఇస్తే చాలదా అని అదే శ్రీలంకలో 180 గ్రామాల్లో, 53,382 ఇళ్లలో పరీక్షించారు. 2017లో ఫలితం వచ్చింది. ఉపయోగం కనిపించలేదు. పెట్టె ఇంట్లోనే, తాళంచెవీ ఇంట్లోనే ఉంటే దూరం పెరగదు కదా. మంచి ఉద్దేశం ఉంటే సరిపోదు, ఫలితాన్ని కొలిచి చూడాలని ఈ అధ్యయనం గుర్తుచేస్తుంది. మన పల్లెల్లోనూ పని సగం ప్రభుత్వానిది, సగం ఇంటిది. పిచికారీ అయ్యాక మిగిలిన మందు డబ్బా గడప లోపలికి రాకుండా చూసుకోవడం, కుంగిపోయి ఉన్న మనిషి మాత్రలను ఇంకొకరు దగ్గర పెట్టుకుని పూటకు పూట ఇవ్వడం మనం ఇవాళే చేయగలిగినవి.

24 ఉత్తరాలు

రెండో సూత్రం ఇంకా సులువైనది. శాన్‌ఫ్రాన్సిస్కో మానసిక వైద్యుడు జెరోమ్ మోటో 1969లో ఒక పరీక్ష మొదలుపెట్టాడు. కుంగుబాటుతోనో ఆత్మహత్య ఆలోచనతోనో ఆసుపత్రిలో చేరిన 3,005 మందిలో, బయటికొచ్చాక వైద్యం మానేసిన 843 మందిని తీసుకున్నాడు. వాళ్లను చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశాడు. ఒక జట్టుకు ఏమీ పంపలేదు. ఇంకో జట్టులో ఒక్కొక్కరికీ ఐదేళ్లలో 24 ఉత్తరాలు వెళ్లాయి. మొదట నెలకొకటి, తర్వాత రెండు నెలలకొకటి, ఆ తర్వాత మూడు నెలలకొకటి.

ఆ ఉత్తరంలో ఏముంది? రెండు మూడు వాక్యాలు. మీరు ఇక్కడి నుంచి వెళ్లి కొంతకాలమైంది, బాగున్నారని ఆశిస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి, మాకు సంతోషం అన్న సారం. మందు వేసుకున్నారా అని అడగలేదు. మళ్లీ ఎప్పుడొస్తారని నిలదీయలేదు. రోగి జవాబు రాస్తే, ఆ జవాబులోని సంగతి తర్వాతి ఉత్తరంలో పలకరింపుగా వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉన్నప్పుడు ఒక పరిచయస్తురాలు రాసిన ఉత్తరాలు తనకెంత ధైర్యమిచ్చాయో మోటోకు అనుభవం. ఉత్తరాలు అందుకున్న జట్టులో ఆత్మహత్యల రేటు తక్కువగా ఉంది. ఆ తేడా మొదటి రెండేళ్లలో గట్టిగా కనిపించింది.

తిరిగి ఏమీ ఆశించకుండా ‘నువ్వు గుర్తున్నావు’ అని చెప్పడం. నేను ఎవరికీ చెందనన్న నమ్మకానికి అంతకంటే సూటి మందు ఏముంటుంది?

18, 2

అది సంపన్న దేశం, మన దగ్గర కుదురుతుందా అన్న సందేహానికి చెన్నై జవాబు చెప్పింది. 1986లో మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన స్నేహ అనే నివారణ కేంద్రం అక్కడ పనిచేస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్, శ్రీలంక, ఇరాన్, చైనా నగరాలతో పాటు చెన్నైలో కూడా ఒక పరీక్ష చేసింది. ప్రయత్నం చేసి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన 1,867 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు దానితోపాటు, ఇంటికి పంపే ముందు ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడటం, ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేయడమో ఇంటికి వెళ్లి పలకరించడమో. అంతే.

18 నెలలు గడిచాయి. మామూలు వైద్యం పొందిన జట్టులో ఆత్మహత్యతో చనిపోయినవాళ్లు 18 మంది. పలకరింపు దక్కిన జట్టులో ఇద్దరు. 2.2 శాతం ఎక్కడ, 0.2 శాతం ఎక్కడ. పెద్ద యంత్రాలు, ఖరీదైన మందులు ఏమీ వాడలేదు. ఒక గంట, తొమ్మిది పలకరింపులు. మన ఏరియా ఆసుపత్రుల్లో చాలాసార్లు ఇలాంటివాళ్లకు కడుపు కడిగి, కేసు రాసి పంపేస్తున్నారు. తొమ్మిది ఫోన్లు చేసే ఒక నర్సును పెట్టుకోవడం రాష్ట్ర బడ్జెట్‌కు బరువా?

ఒక పేజీ

పరీక్షలో నిలబడ్డ ఇంకో పద్ధతి ఒక తెల్లకాగితం మీద పట్టేస్తుంది. దాన్ని భద్రతా ప్రణాళిక అంటారు. ఆరు వరుసలు. ఇంటర్ రెండో ఏడాది చదివే హాస్టల్ కుర్రాడు కౌన్సెలర్‌తో కూర్చుని రాసుకుంటున్నాడని ఊహిద్దాం.

గండం వస్తోందని ఎలా తెలుస్తుంది? ‘నిద్ర పట్టదు. వీక్లీ టెస్ట్ ర్యాంకుల మెసేజ్ పదేపదే తెరిచి చూస్తుంటాను.’ నా అంతట నేను ఏం చేయగలను? ‘చన్నీళ్ల స్నానం. గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు.’ ఎవరి మధ్య ఉంటే మనసు మళ్లుతుంది? ‘పక్క గదిలో క్యారమ్స్ ఆడేవాళ్లు.’ ఎవరికి నోరు తెరిచి చెప్పగలను? ‘మేనమామ. రాత్రి రెండింటికైనా చేయమన్నాడు.’ నిపుణులెవరు? ‘కౌన్సెలర్ నంబరు, 14416.’ చివరిది, నా చుట్టూ ప్రమాదకరమైనవి ఏమున్నాయి, వాటిని ఎవరికి అప్పగించాలి?

మేనమామ రెండింటికైనా చేయమన్నాడన్న మాట ఊరికే రాయకూడదు. ముందే ఆయన్ని అడిగి, ఆయన చేత ఔననిపించి రాయాలి. ఆ కాగితం విలువంతా అందులోనే ఉంది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన 1,640 మంది మీద జరిగిన అధ్యయనం 2018లో వచ్చింది. ఈ కాగితం, ఆ తర్వాత ఫోన్ పలకరింపులు అందుకున్నవాళ్లలో ఆరు నెలల్లో మళ్లీ ఆత్మహత్య చర్యలకు దిగినవారు 3.03 శాతం. అవి అందనివాళ్లలో 5.29 శాతం.

2,342

అన్నిటికీ ముందు ఎవరో ఒకరు అడగాలి. అక్కడే మనకు గొంతు పెగలదు. అడిగితే లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందేమోనని భయం. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థుల మీద ఈ భయాన్ని పరీక్షించి 2005లో ఫలితం చెప్పారు. సగం మందిని ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడిగారు, సగం మందిని అడగలేదు. అడగడం వల్ల దిగులు గానీ ఆ ఆలోచన గానీ పెరగలేదు.

కాబట్టి అడగండి. చుట్టూ తిప్పకుండా, పక్కన కూర్చుని. ‘ఈమధ్య నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?’ ఔనంటే తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు, దేవుడిచ్చిన జన్మ అంటూ ఉపన్యాసం ఇవ్వొద్దు. ‘ఎప్పటి నుంచి? ఎలా అనిపిస్తోంది? చెప్పు, వింటాను’ అనండి. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. మర్నాడు డాక్టరు దగ్గరికి కలిసి వెళ్లండి. ‘చస్తాననేవాళ్లు చావరు’ అన్న మాటను మాత్రం మన ఇంట్లోంచి పంపేయాలి. చెప్పడమంటే సాయం అడగడమే.

11,110

పాఠశాలల్లో ఏం చేయాలన్నదానికి యూరప్‌లో పది దేశాలు, 168 బడులు, 11,110 మంది పిల్లలతో జరిగిన పెద్ద పరీక్ష దారి చూపింది. మూడు పద్ధతులు పోల్చారు. ప్రమాదంలో ఉన్న పిల్లలను గుర్తించేలా టీచర్లకు శిక్షణ ఒకటి. ప్రశ్నావళితో అలాంటి పిల్లలను ఏరి డాక్టర్ల దగ్గరికి పంపడం రెండోది. తరగతిలో పిల్లలందరికీ నాలుగు వారాల్లో ఐదు గంటలు కేటాయించి, దిగులు, ఒత్తిడి గురించి నాటకాలు వేయించి, మాట్లాడించి, ఒకరినొకరు కనిపెట్టుకోవడం నేర్పడం మూడోది. 2015లో తేలిన ఫలితం ప్రకారం గెలిచింది మూడోదే. ఏడాది తర్వాత ఆ పిల్లల్లో ప్రయత్నాలు 0.70 శాతం, ఏ శిక్షణా లేనివాళ్లలో 1.51 శాతం. మిగతా రెండు పద్ధతులు చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. ఏరడం కంటే అందరికీ నేర్పడమే పనిచేసింది. పదివేల పేర్ల జాబితా లెక్క చెప్పిందీ ఇదే.

మన దేశం మెల్లగా కదులుతోంది. 2022 నవంబరులో వచ్చిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి మరణాలను పది శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. విశాఖపట్నంలో పోటీ పరీక్షకు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కౌన్సెలర్ ఉండాలంది. మార్కుల ప్రకారం పిల్లలను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయొద్దంది. మన రెండు రాష్ట్రాల్లో కార్పొరేట్ కాలేజీలు నడిచిందే ఆ విభజన మీద. ఈ తీర్పు మన వీధిలోని కాలేజీలో అమలవుతోందా అని అడగవలసింది తల్లిదండ్రులుగా మనమే.

‘పాల్పడ్డాడు’

ఆఖరిగా ఒక అంకె, ఒక మాట. వియన్నాలో మెట్రో ఆత్మహత్యల వార్తలు పత్రికలు సంచలనంగా వేస్తున్న రోజుల్లో, 1987లో అక్కడి నిపుణులు పత్రికలకు నియమాలు రాసిచ్చారు. పత్రికలు ఒప్పుకున్నాయి. ఆరు నెలల్లో ఆ మెట్రోలో ఆత్మహత్యలు, ప్రయత్నాలు 80 శాతానికి పైగా తగ్గాయి.

ఇక మాట. ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అని రాస్తాం. తెలుగులో మనిషి దేనికి పాల్పడతాడు? దోపిడీకి, మోసానికి, అత్యాచారానికి. నేరాలకు వాడే క్రియను వేదనకు అంటగట్టాం. చట్టం మనకంటే ముందు మారింది. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలంది. 2024 జులై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేదు. భాష ఇంకా పోలీస్ స్టేషన్‌లోనే ఉండిపోయింది. ‘ఆత్మహత్యతో మరణించాడు’ అంటే చాలు. ‘ప్రయత్నం విఫలమైంది’ అనకుండా ‘ప్రాణాలు దక్కాయి’ అంటే చాలు. తిరిగొచ్చినవాడికి తలెత్తుకునే చోటు ఉంటుంది.

ఒక ఆత్మహత్య 135 మందిని తాకుతుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. ఒక్కో మరణానికి ఇరవైకి పైగా ప్రయత్నాలు ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే మన బంధువర్గంలో, ఆఫీసులో, వీధిలో ఆ గండం దాటి వచ్చినవాళ్లు మనకు తెలియకుండానే చాలామంది ఉన్నారు. వాళ్ల గురించి జిల్లా ఎడిషన్‌లో వార్త రాదు. ఎవరో ఫోన్ ఎత్తారు. ఎవరో తలుపు కొట్టారు. ఎవరో డబ్బా తీసి దూరం పెట్టారు. పది నిమిషాలు గడిచాయి. ఆ సాయంత్రం ఆ మనిషి ఇంటికొచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని, అందరితో పాటు అన్నానికి కూర్చున్నాడు.